వాసన లేని విషము



విజయవాడలోని చిట్టినగర్ సొరంగం గుండా మీలో చాలామంది ప్రయాణం చేసి ఉంటారు. లోపలికి వెళ్లగానే బండ్ల రొద పెరుగుతుంది, పొగ వాసన తగులుతుంది, తల్లులు పిల్లల ముక్కుకు కొంగు అడ్డం పెడతారు. సొరంగం చిన్నది గనుక ఇంతలోనే వెలుగూ గాలీ ఎదురవుతాయి. అదే సొరంగం కిలోమీటర్ల పొడవున ఉండి, నడుమ బండ్లన్నీ నిలిచిపోతే ఏమవుతుంది? ఈ నెల ఆ సంగతి మీతో ముచ్చటించదలచాము.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో అలాగే జరిగింది. అక్కడ కొండను తొలిచి సుమారు 1.8 కిలోమీటర్ల లిబర్టీ సొరంగాలను 1924 జనవరిలో తెరిచారు. లోపలికి గాలి కొట్టే ఫంకాలు ఇంకా అమర్చలేదు. మే 10న ట్రాము కార్మికుల సమ్మె వలన జనం కార్లలో బయలుదేరారు. సొరంగంలో కార్లు కదలక నిలిచిపోయాయి, ఇంజన్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. కొంతసేపటికి లోపలివారిలో కొందరు స్పృహ తప్పారు.

వారిని పడగొట్టినది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. ఇంజనులో ఇంధనం పూర్తిగా మండనప్పుడు ఇది పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోతుంది గదా! ఈ వాయువు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. అందుచేత ఊపిరి ఆడుతున్నా ఒంటికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, పిమ్మట కళ్లు తిరగడం, వాంతి, మగత వస్తాయి. మగత కమ్మిన మనిషి తనంతట తాను లేచి బయటికి రాలేడు.

అదే కాలంలో న్యూయార్కులో హడ్సన్ నది అడుగున సుమారు 2.6 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. దాని ఇంజనీరు క్లిఫర్డ్ హాలండ్. పిట్స్‌బర్గ్ దగ్గర ఒక గనిలో నమూనా సొరంగం తవ్వి, అందులో కార్లు నడిపి గాలిని పరీక్షించారు. మనిషి ఈ వాయువును ఎంతవరకు తట్టుకోగలడో యేల్ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ యాండెల్ హెండర్సన్ పరిశోధించారు. గంటసేపు పీల్చే గాలిలో పదివేల పాళ్లకు 4 పాళ్లు మించరాదని తేల్చారు. పని ముగియకముందే 1924లో హాలండ్ 41 ఏళ్లకే కన్నుమూశారు. 1927 నవంబరులో తెరిచిన ఆ సొరంగానికి ఆయన పేరే పెట్టారు. అందులో 84 పెద్ద ఫంకాలు అమర్చారు. మంచి గాలి రోడ్డు క్రింది నుండి వస్తుంది, చెడు గాలి పైకప్పు గుండా పోతుంది. సుమారు ఒకటిన్నర నిమిషానికొకసారి లోపలి గాలంతా మారేటట్లు ఏర్పాటు చేశారు.

మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లో 2020లో తెరిచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోనూ ఫంకాలు, గాలిని కొలిచే సాధనాలు ఉన్నాయి. ఇప్పటి కార్లు ఈ వాయువును మునుపటికన్నా చాలా తక్కువగా వదులుతాయి. అయినా డీజిలు మసి, నైట్రోజన్ డయాక్సైడ్ వంటివి ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను బాధిస్తూనే ఉన్నాయి.

“మా పల్లెలో సొరంగాలెక్కడివి?” అంటారేమో. లోతైన నుయ్యి నిలువుగా ఉన్న సొరంగమే గదా! అందులోకి ఆయిల్ ఇంజను దించి ఆడిస్తే పొగ బయటికి పోయే దారి ఉండదు. అక్కడ ఫంకాలు లేవు. దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయబోయి దిగిన అన్నో తమ్ముడో కూడా పడిపోతాడు. ఒకే ఇంట ఇద్దరు పోయేది ఇలాగే.

కనుక ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. నూతిలో ఇంజను ఆడించవద్దు. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే వెనుక దూకవద్దు; నలుగురిని కేకవేయండి, అగ్నిమాపక దళానికి 101కి ఫోను చేయండి. మూసిన కొట్టంలో ట్రాక్టరు గాని, మూసిన గదిలో జనరేటరు గాని నడపవద్దు. సొరంగంలో బండ్లు నిలిచిపోతే ముందుగా ఇంజను ఆపండి.

లారీయో, ట్రాక్టరో నడిపే అబ్బాయి మీ ఇంట ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ పేజీ చదివి వినిపించండి.