అమ్మను అడిగితివా?



మన గ్రామములలో ఇప్పుడు తాళము వేసిన ఇండ్లు ఎన్ని యున్నవో ఒకసారి లెక్కించి చూడుము. తాళము వేయని ఇండ్లలో కొన్నింట ముసలి దంపతులు ఇద్దరే యున్నారు. మరికొన్నింట ఒక్కరే యున్నారు. కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో, కూతురు కువైటులోనో అమెరికాలోనో ఉన్నది. 2011 జనాభా లెక్కలలోనే మన దేశమున అరువది యేండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలమంది యని తేలినది. అప్పటినుండి ఆ సంఖ్య పెరుగుచునే యున్నది. కావున వృద్ధాశ్రమమను మాట పట్టణపు మాటగా నిలిచిపోక మన రచ్చబండకును, మన గుడి మెట్లకును వచ్చి చేరినది.

“అయ్యగారూ, తల్లిదండ్రులను అట్టి చోటికి పంపవచ్చునా, పంపకూడదా?” అని సంఘస్థులు నన్ను అడుగుచున్నారు. ఆ ప్రశ్నయే సరిగాలేదని ఈ వ్యాసములో వాదింపబోవుచున్నాను. అయితే వాదమునకు ముందు నా తప్పును నేను ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట కోత పండుగ ఆరాధనలో తల్లిదండ్రులను సన్మానించుటను గూర్చి ప్రసంగించితిని. మా సంఘములోని ఒక విధవరాలు ఆ నెలలోనే పట్టణమందలి ఒక ఆశ్రమములో చేరియుండెను. పేరు చెప్పలేదు గాని అందరికిని తెలియునట్లే మాటలాడితిని. కన్నతల్లిని కూలివారికి అప్పగించిన కుమారులని అంటిని. ఆ కొడుకులలో ఒకడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండెను. ఆరాధన ముగియగానే నాకు వందనము చేయకయే వెళ్లిపోయెను. ప్రసంగము బహు గట్టిగా ఉన్నదని పెద్దలు మెచ్చుకొనిరి. నేనును అట్లే అనుకొంటిని.

రెండు నెలల తరువాత వేరొక పనిమీద పట్టణమునకు వెళ్లినప్పుడు, ఆమెను ఓదార్చి ప్రార్థన చేసి వచ్చెదనని ఆ ఆశ్రమమునకు పోతిని. ఆమె వేపచెట్టు క్రింద మరి ముగ్గురు స్త్రీలతో కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండెను. నేను విచారముగా మాట మొదలుపెట్టగానే ఆమె అడ్డుపడెను.

“అయ్యగారూ, నన్నెవరూ ఇక్కడికి తోలెయ్యలేదు. నేనే అడిగి వచ్చాను. ఊళ్లో రాత్రిపూట కాలుజారి పడితే తెల్లారేదాకా అట్లాగే పడి ఉన్నాను. ఇక్కడ పిలిస్తే పలికేవాళ్లున్నారు. మీరు గుళ్లో నా బిడ్డల్ని అన్నమాట నాకు చేరింది. ఆ మాట అనకముందు నన్నొక్కసారి అడిగుంటే బాగుండేది.”

నాకు నోట మాట రాలేదు. ఆమె తన యింట ఒంటరిగా గడపిన నాలుగేండ్లలో నేను ఎన్నిసారులు ఆమె గడప త్రొక్కితినో మనస్సులో లెక్కపెట్టుకొంటిని. ఒక చేతి వ్రేళ్లు చాలినవి.

అదే ఆశ్రమపు వసారాలో ఒక వృద్ధుడు గోడవైపు తిరిగి పండుకొనియుండెను. ఎకరమున్నర పొలము అమ్మి కొడుకు ఇంటి అప్పు తీర్చినవాడని అక్కడివారు చెప్పిరి. కంటి ఆసుపత్రికి పోవుదమని కారులో ఎక్కించి తెచ్చి అక్కడ దింపిపోయిరట. గేటు చప్పుడైనప్పుడెల్ల ఆయన తల యెత్తి చూచెను. నేను అక్కడ ఉన్నంతలోనే మూడుసారులు చూచెను.

చదువరీ, ఇద్దరికిని ఒకే కప్పు, ఒకే వంట, ఒకే విధమైన మంచము. ఆమెకు అది ఇల్లు. ఆయనకు అది చెర. భేదము గోడలలో లేదు. ఆమె అడిగి వచ్చెను; ఆయనను ఎవరును అడుగలేదు. ఆమెను చూచుటకు కొడుకు వచ్చుచుండెను. ఆయన కొరకు ఎవరును వచ్చుట లేదు. నా వాదమంతయు ఇంతే. పెద్దవారిని అడిగితివా? అడిగిన తరువాత, వారు ఎక్కడ ఉన్నను, వారియొద్దకు పోవుచున్నావా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాడు తల్లిని ఇంట ఉంచుకొన్నను, ఆశ్రమమందు ఉంచినను ఒకటే.

మొదట సొమ్ము పంపి చేతులు కడుగుకొనువారితో మాటలాడెదను. మీరు నెలనెల రుసుము తప్పక చెల్లించుచున్నారు, రసీదులన్నియు దాచియున్నారు. మంచిది. అయితే మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు కొర్బాను అను ఆచారమును ఎందుకు ఖండించెనో చదివి చూడుడి. తల్లిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమైనదని చెప్పి, ఆ భక్తి మాటు నుండి తప్పించుకొనిన మనుష్యుల సంగతి అది. వారు చట్టము తప్పలేదు. చట్టమునే అడ్డు పెట్టుకొనిరి. మీ రసీదు మీకు కొర్బాను కాకుండ చూచుకొనుడి. రసీదు తల దువ్వదు. పాత సంగతి పదియవసారి చెప్పుచుండగా వినదు.

ఇక “మా వంశములో అట్టిది లేదు” అని రొమ్ము విరుచుకొనువారితో చెప్పవలసినది ఇంకను ఎక్కువ గలదు. ఏలయనగా మన గ్రామసంఘములలో మీరే అనేకులు. మీరు తల్లిదండ్రులను ఆశ్రమమునకు పంపలేదు, నిజమే. తండ్రిని పెద్దవాని యింటికి, తల్లిని చిన్నవాని యింటికి పంచితిరి. లేదా నెలకొక వంతు పెట్టితిరి. యాబది సంవత్సరములు ఒకే యింట కాపురము చేసినవారిని పొలము గట్టువలె విడదీసితిరి. ముప్పదియొకటవ తేదీనాడు అన్నము ఎవరు పెట్టవలెనని తగవులాడిన అన్నదమ్ములకు నేను తీర్పు చెప్పవలసివచ్చినది. ఆ తగవు జరుగుచున్నంతసేపు తండ్రి అరుగుమీద కూర్చుండి వినుచుండెను. ఇది కుటుంబ గౌరవమా?

మరియొకటి. “మా అమ్మను మేమే చూచుకొనుచున్నాము” అని చెప్పు కుమారుడా, ఆమె పక్కబట్టలు ఉదుకునది ఎవరు? రాత్రి రెండు గంటలకు లేచి ఆమెను పెరటిలోనికి నడిపించునది ఎవరు? నీ భార్య. పగలు కూలికి పోయి, రాత్రి మేలుకొని, నీకు మంచి కుమారుడను పేరు తెచ్చుచున్నది ఆమె. సన్మానింపవలెనను ఆజ్ఞ నీకు ఇయ్యబడినది. దానిని కోడలి నెత్తిన పెట్టి నీవు సాక్ష్యము చెప్పుచున్నావు.

దావీదు రాజు నాటి సంగతి ఒకటి జ్ఞాపకము చేసికొందము. అబ్షాలోము తిరుగుబాటులో రాజు పారిపోయినప్పుడు గిలాదువాడైన బర్జిల్లయి అతనికి ఆహారము సమకూర్చెను. రాజు తిరిగి వచ్చుచు, యెరూషలేములో నిన్ను పోషించెదను రమ్మని అతని పిలిచెను. అంతకంటె మంచి వసతి ఎవరు ఇయ్యగలరు? కాని బర్జిల్లయి ఎనుబది యేండ్లవాడు. తినుదాని రుచి తెలియదు, పాట వినబడదు, నా ఊరిలో నా తలిదండ్రుల సమాధియొద్దనే చనిపోనిమ్మని విన్నవించుకొనెను. అప్పుడు దావీదు ఏమి చేసెను? నీ మేలు నాకు తెలియునని బలవంతపెట్టలేదు. ముద్దు పెట్టుకొని దీవించి అతని ఊరికి పోనిచ్చెను. రాజే అడిగెను, వృద్ధుని మాటయే నెగ్గెను. నీవు రాజుకంటె గొప్పవాడవా?

అట్లని ఆశ్రమమే ప్రేమలేని వ్యవస్థయని అనుకొనకుము. ఫ్రాన్సు దేశమున 1839లో జీన్ జుగాన్ అను బీద స్త్రీ, చూపులేని ఒక వృద్ధ విధవరాలిని తన గదికి తెచ్చి, తన మంచమును ఆమెకు ఇచ్చెను. ఆ మంచమునుండి పుట్టినదే పేద వృద్ధులను పోషించు ఒక సన్యాసినీ సమాజము. 1882లో అది కలకత్తాకును వచ్చినది. తన మంచము విడిచిన ప్రేమనుండి పుట్టిన ఆశ్రమము వేరు. ముసలివారి మంచమును ఇంటినుండి తీసివేయుటకు వెదకు ఆశ్రమము వేరు. నీవు దేనిని వెదకుచున్నావో నీకును దేవునికిని తెలియును.

ఇప్పుడు లాభనష్టములను త్రాసులో పెట్టుదము. ఉచితముగా పోషించునవి కొన్ని, నెలకింత యని తీసికొనునవి కొన్ని. కోయంబత్తూరు వంటి చోట్ల వృద్ధుల కొరకే కట్టిన కాలనీలు గలవు. హైదరాబాదు చుట్టును అట్టివి లేచుచున్నవి. అక్కడ వేళకు భోజనము, మందులు, తోటివారి మాటలు, రాత్రి పిలిచిన పలుకు మనిషి ఉండవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2019లో వెలువరించిన మాదిరి నిబంధనలలో కాలు జారని నేల, ఆపదలో నొక్కు గంట వంటివి సూచింపబడినవి. కాలుజారి తెల్లవారువరకు నేలమీద పడియున్న స్త్రీకి ఆ గంట చిన్న సంగతి కాదు.

నష్టములును గలవు. ఊరు పోవును. తెలిసిన ముఖములు పోవును. పేరు పెట్టి పిలుచువారు పోయి “పన్నెండో నెంబరు గది” యనువారు వచ్చెదరు. మనుమలు ప్రక్కన ఉండరు. సంకటియో, పచ్చిపులుసో తినవలెనని నాలుకకు కోరిక పుట్టినప్పుడు చేసిపెట్టువారు ఉండరు. కావున సంతకము పెట్టకముందు ఈ సంగతులు విచారింపుము. నడువగలిగినవారిని మాత్రమే ఉంచుకొందురా, మంచము పట్టినవారినిగూడ చూతురా? ముందుగా కట్టిన సొమ్ము, మధ్యలో వచ్చివేసినను మరణించినను, ఎంత తిరిగి యిత్తురు, ఎప్పుడు ఇత్తురు? రుసుము ఏటేట ఎంత పెరుగును? రాత్రి ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు? ఆదివారము ఆరాధనకు పోవచ్చునా, ప్రభువు బల్ల ఇచ్చుటకు పాస్టరును లోనికి రానిత్తురా? మరణించిన పిమ్మట మన సమాధుల తోటకు తెచ్చుకొందుమా? ఇవన్నియు కాగితముమీద వ్రాయించుకొనుము. వీలైనచో ఒక నెల ఉండి చూచి, నచ్చనియెడల ఇంటికి రావచ్చునని పెద్దవారికి మాట యిమ్ము. ఆ మాట నిలుపుకొనుటకై ఇంటిలో వారి మంచము వారికే ఉంచుము.

పెద్దలారా, మీకును ఒక మాట. బ్రతికియుండగానే ఇల్లు పొలము బిడ్డల పేర వ్రాయుదురేని, మమ్మును పోషింపవలెనను షరతు ఆ పత్రములోనే వ్రాయించుడి. 2007లో చేయబడిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము, అట్టి షరతు తప్పినచో ఆ బదిలీ చెల్లదని తీర్పు పొందవచ్చును. పోషింపని బిడ్డలపై ట్రిబ్యునలునందు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ పోషణ సొమ్ము ఇప్పించుటకు ఆ చట్టములో వీలున్నది. 14567 అను నెంబరుకు ఫోను చేసిన వృద్ధులకు ఉచితముగా సలహా చెప్పుదురు. ఆంధ్రప్రదేశములో 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను ఇచ్చుచున్నారు. కొడుకులారా, ఆ సొమ్మును ఆమె చేతిలోనే ఉండనిండు.

తుదకు సంఘమును అడుగుచున్నాను. ఆ అడుగుటలో నన్ను నేనే ముందు నిలువబెట్టుకొనుచున్నాను. దినదినము పంచిపెట్టు ఆహారములో విధవరాండ్రు విడువబడుచున్నారను సణుగు పుట్టినప్పుడు, ఆదిసంఘము వారిని గద్దించి పంపలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించెను. మనకు ఆ ఏడుగురు ఏరి? స్త్రీల సమాజమువారు వంట వేళ పిడికెడు బియ్యము తీసి గుడికి తెచ్చు వాడుక మనకు తెలిసినదే. ఆ బియ్యములో కొంత వారమునకొకసారి ఒంటరి ముసలివారి పొయ్యిమీద ఉడుకరాదా? యౌవనస్థుల సమాజమువారు రాత్రి పండుకొనకముందు ఇద్దరిద్దరుగా పోయి, “అవ్వా, బాగున్నావా?” అని తలుపు తట్టి రారాదా? ఆశ్రమమునకు పోయినవారి పేరు సంఘ పుస్తకములోనుండి కొట్టివేయక, ప్రభువు బల్లను అక్కడికే తీసికొనిపోరాదా? ఇవి చేయని సంఘమునకు ఏ కొడుకుమీదను రాయి విసరుటకు చేయి రాకూడదు.

ఆ విధవరాలి కొడుకు ఇంటికి నేను పోయి క్షమాపణ వేడుకొంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయ్యగారూ, ఈసారి అమ్మ దగ్గరికి కలిసే పోదాం” అనెను. ఇప్పుడు నెలకొకసారి కలిసి పోవుచున్నాము. మొదట గోడవైపు పండుకొనిన ఆ వృద్ధుని మంచముమీద కూర్చుండి, తరువాతనే ఆమెయొద్దకు పోవుదుము. గేటు చప్పుడైనప్పుడు ఆయన యెత్తిన తల ఒక్కదినమైనను వ్యర్థము కాకూడదని.

చదువరీ, ఈ పత్రికను ప్రక్కన పెట్టి, నీ తల్లి ఏ గదిలో ఉన్నదో ఆ గదికి పొమ్ము. దూరమున ఉన్నచో ఫోను చేయుము. సలహా చెప్పకుము, నిర్ణయము వినిపింపకుము. ఎక్కడ ఉండవలెనని ఉన్నదమ్మా యని అడిగి, ఆమె మాట పూర్తియగువరకు ఊరకుండుము.