తలపుల పటము



కొంతకాలముగా మన పట్టణములందు ఉద్యోగినులకు "మైండ్ మ్యాప్" అను పటలేఖన విద్యను నేర్పు శిక్షణ శిబిరములు విరివిగా జరుగుచున్నవి. ఒంగోలునుండి మా చీమకుర్తికిని ఈ గాలి సోకినది. బడిపంతులమ్మలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొదుపు సంఘముల లెక్కలు వ్రాయువారు, రాతి కర్మాగారముల కార్యాలయములలో పనిచేయు పడుచులు పలువురు ఒక దినపు వేతనమునో, సెలవునో వదలుకొని పోయి వచ్చుచున్నారు. వచ్చునపుడు సంచిలో ఆరు రంగుల కలములును, అచ్చువేసిన పటమొకటియు ఉండును. పటము గోడకెక్కును. అంతటితో సరి.

విద్య మంచిదే. దానిని నేర్పు తీరును గూర్చియే నేను కొంత చెప్పదలచితిని.

కాగితము నడుమ విషయము పేరు వ్రాసి, దానినుండి చెట్టుకొమ్మలవలె గీతలు లాగి, కొమ్మకొక మాటగా భావములను పేర్చుటయే ఈ పద్ధతి. ఆంగ్లేయుడగు టోనీ బుజాన్ 1974లో బీబీసీ టెలివిజనులో ప్రసంగములు సాగించి దీనికి ప్రచారము కల్పించెను. అతడు 2019లో గతించెను. ఇంచుమించుగ ఆ కాలముననే, 1972 మొదలుకొని, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జోసెఫ్ నోవాక్ అను ఆచార్యుడు పిల్లలకు శాస్త్రవిషయములు ఎంతవరకు బోధపడినవో కనుగొనుటకై మరియొక విధమగు పటమును కల్పించెను. ఈ రెంటికిని భేదము కలదు. బుజాన్ పటమున గీత ఊరక కలుపును. నోవాక్ పటమున ప్రతి గీతమీదను ఆ రెండు మాటలకు గల సంబంధమును వ్రాయవలయును: "దీనివలన అది కలుగును", "ఇది దానిని తినును", "ఇది దానిలోని భాగము" అని. చూచుటకు స్వల్ప భేదమే గాని గుట్టంతయు అందే యున్నది. రెండు మాటలను గీతతో కలుపుట ఎవరికైనను చేతనగును. ఆ గీతమీద ఏమి వ్రాయవలెనో తోచనపుడే మనకు ఆ సంగతి తెలియదని తేలును.

మన మిరపచేలనుండి ఒక నిదర్శనము చెప్పెదను. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు చేసిన నష్టము మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగు మన దేశమున నున్నట్లు 2015లో బెంగుళూరు వైపున బొప్పాయిపై తొలుత గుర్తించిరి. అది పూవులో చేరి రసము పీల్చును, పూత రాలును, కాయ కట్టదు. రైతు బెదరి మందుమీద మందు కొట్టును. ఆ మందులకు తామరపురుగును తిను మేలు పురుగులు నశించును. తామరపురుగు మరల పెచ్చుపెరుగును, రైతు మరల మందు కొట్టును. దీనిని ఒకటి, రెండు, మూడు అని వరుసగా వ్రాసికొన్నచో చివరి వాక్యముతో కథ ముగిసినట్లు తోచును. పటముగా గీచినచో తుదిగీత తిరిగి వచ్చి మొదటి మాటను కలిసికొనును, చక్రమగును. ఈ చక్రమును ఎచట తెంచవలెనను ప్రశ్న అపుడు దానంతట అదియే పుట్టును. నీలిరంగు జిగురు అట్టలు దేనికి, నత్రజని ఎరువు తగ్గించుమనుట దేనికి, అన్నియు ఆ చక్రమున తమ తమ తావులను చూపును. రైతులకు సలహా చెప్పవలసిన సహాయకురాండ్రకు ఈ విద్య నేర్పుటలోని ప్రయోజనము ఇదియే. రంగుల కలములు లేకున్నను లోటు లేదు.

ఇట్టిది పాశ్చాత్యులకే తెలియునని తలపనక్కరలేదు. అట్లని సమస్తమును మన పూర్వులే కనిపెట్టిరని వాదించుటయు నాకిష్టము కాదు. ఛందశ్శాస్త్రమున ప్రస్తారమని యొకటి కలదు. గురులఘువులు ఎన్ని విధముల కూడునో పరచి చూపు పట్టిక అది. పింగళుని సూత్రములకు 10వ శతాబ్దమున వ్యాఖ్య రచించిన హలాయుధుడు మేరు ప్రస్తారమును వివరించెను. పై గడులలోని రెండంకెలను కూడినచో క్రింది గడి వచ్చును. గీయనేర్చినవారికి లెక్కను వల్లెవేయు పనిలేదు. ఆదిపర్వము చదువువారు కురువంశ వృక్షమును గీచికొననిచో శంతనుని తరువాత ఎవరికెవరు ఏమగుదురో చిక్కుపడక మానరు. పద్మబంధ నాగబంధముల మాట వేరు. అవియు మాటలను బొమ్మలో అమర్చినవే. కాని కవి తన నేర్పు చూపుటకు కట్టినవే గాని చదువరికి విషయము తేటపడుటకు కట్టినవి కావు. నేటి శిబిరములలోని పటములు పెక్కు ఈ బంధకవిత్వపు జాతిలో చేరుచున్నవని నా యనుమానము. వంకరకొమ్మలు, పూలు, నాలుగు రంగులు, కొనలయందు చిన్న చిన్న బొమ్మలు! గీచిన చేతికి మెప్పు కలుగును. తలకు పని కలుగదు.

ఈ యనుమానమునకు ఆధారము లేకపోలేదు. 2011లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు పరిశోధకులు జెఫ్రీ కార్పికి, జానెల్ బ్లంట్ అనువారు "సైన్స్" పత్రికలో ఒక పరీక్షను ప్రకటించిరి. 80 మంది విద్యార్థులకు ఒక శాస్త్రపాఠమునిచ్చి నాలుగు జట్లు చేసిరి. ఒక జట్టు దానిని ఒకమారు చదివెను. రెండవది మరల మరల చదివెను. మూడవది పాఠమును ఎదుట నుంచుకొని నోవాక్ రీతి పటమును గీచెను. నాలుగవది చదివి, పాఠమును ప్రక్కనబెట్టి, జ్ఞాపకమున్నంత వ్రాసి, మరల చదివి మరల వ్రాసెను. వారము గడచిన పిదప పరీక్షింపగా ఈ నాలుగవ జట్టు పటము గీచినవారికంటె సుమారు 50 శాతము మిన్నగా నిలిచెను. వింత యేమనగా, ముందుగా ఎవరికెంత జ్ఞాపకముండునని అడిగినపుడు, మరల మరల చదివినవారే అందరికంటె ఎక్కువ ధీమాతో చెప్పిరి; చూడక వ్రాసినవారు తమకే అందరికంటె తక్కువ వచ్చునని తలచిరి. మరియొక పరీక్షలో, తుదకు పటమునే గీచి చూపుమన్నను, పటము గీచుచు నేర్చినవారికంటె చూడక వ్రాసినవారే మేలనిపించుకొనిరి.

దీనిని చదివి పటములే పనికిరావని కొందరు తేల్చివేయుదురు. అది తొందరపాటు. ఆ పరిశోధకులే 2014లో పాఠమును చూడక, జ్ఞాపకమునుండి పటము గీయించి చూచిరి. అట్లు గీచినవారు చూడక వాక్యములు వ్రాసినవారికి తీసిపోలేదు. కావున లోపము పటములో లేదు, తెరచియున్న పుస్తకములో నున్నది. మన పెద్దలు పద్యమును చూచి వ్రాయుమనక అప్పగింపుమనుట ఇందుకే కాబోలు!

మా వీథిలోని అంగన్‌వాడీ కార్యకర్త యొకతె ఇట్టి శిబిరమునకు పోయి, గర్భిణుల పోషణను గూర్చిన అచ్చుపటమును తెచ్చినది. అందు రక్తహీనత ఒక కొమ్మ, ఐరన్ మాత్రలు ఒక కొమ్మ, ఆహారపుటలవాట్లు వేరొక కొమ్మ. బాగుగనే యుండెను. తల్లులెవరైన ప్రశ్నించినపుడు ఆమె గోడవైపు తిరిగి చదివి చెప్పుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము ఆ పటమును చుట్టి మూలనుంచి, మా నట్టింట సుద్దతో తన కున్న తెలివినంతయు నేలపై గీయుమంటిని. "ఐరన్ మాత్ర" వ్రాసెను. "టీ" వ్రాసెను. రెంటికి నడుమ గీత లేదు. మాత్ర వెంటనే టీ త్రాగినచో ఇనుము ఒంటబట్టుట తగ్గునని ఆమెకు తెలియనిది కాదు. తన కేంద్రమునకు వచ్చు తల్లులలో నలుగురైదుగురు ఉదయము టీతోడనే మాత్ర మ్రింగుదురనియు ఆమెకు తెలియును. ఈ రెండును అచ్చుపటమున వేర్వేరు కొమ్మలపై నుండుటచే ఎన్నడును ఒకదాని నొకటి కలిసికొనలేదు. "అయ్యో, వదినా! ఇది నాకు తెలిసినదే కదా!" అని ఆమె తానే గీత లాగి, దానిమీద "అడ్డుపడును" అని వ్రాసినది. నిమ్మపండును, ఉసిరిని తెచ్చి మరియొక గీతతో కలిపి "తోడ్పడును" అనినది. మాత్ర మ్రింగువేళ మార్పుమని ఆ తల్లులకు మరునాడే చెప్పి వచ్చినది. వారిలో ఒకతెకు అది ఏడవ నెల.

ఇట్టి పనికి నేలయే మేలైన కాగితము. గ్రామస్థులే తమ ఊరి పటమును నేలపై గీయు పద్ధతిని దేశదేశముల వ్యాపింపజేసిన రాబర్ట్ చాంబర్స్ అను ఆంగ్లేయ పండితుడు 1989 నుండి 1991 వరకు హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో నుండెను. కాగితముపై గీచునపుడు కలము పట్టినవాడొక్కడే యజమాని; నేలపై ముగ్గుతో గీచునపుడు చుట్టును కూర్చున్నవారందరు చేయి చాపుదురు, తప్పైనచో తుడిచి దిద్దుదురు, చదువురానివారును వెనుదీయరు. ఆయన పదేపదే చెప్పిన సంగతి యిది. తెల్లవారకముందే వాకిట చుక్కలు పెట్టి గీతలు కలుపు మనకు దీనిని వేరుగా చెప్పవలెనా? 2003 తరువాత కొన్నియేండ్లు ఏడు కరవు జిల్లాలలో నడచిన రైతుల భూగర్భజల పథకమున మన ప్రకాశము జిల్లాయును చేరియుండెను. స్త్రీపురుషులు తామే బావులలోని నీటిమట్టమును, వానను కొలిచి, ఏ పంటకెంత నీరు పట్టునో లెక్కగట్టి ఊరివారి ఎదుట పెట్టిరి. అది నిపుణుడు గీచి యిచ్చిన పటము కాదు. తమ బావిలో తాడు వేసి కొలిచినవారి పటము.

బడుల సంగతియు ఒక మాట. 2012 తరువాతి క్రొత్త పుస్తకములతోపాటు పాఠమునకు ముందు "మైండ్ మ్యాపింగ్" అను మెట్టు బోధనలో చేరినది. ఆ పాఠమును గూర్చి పిల్లలకు ముందుగానే ఏమి తెలియునో రాబట్టుటకది. పంతులమ్మ గైడులోని పటమును నల్లబల్లపై దించినచో పిల్లలు దానిని నోటుపుస్తకములలోనికి దించుదురు. ఎవరికేమి తెలియునో ఎవరికిని తెలియకయే గంట మ్రోగును.

కావున శిబిరము నడుపు వారికి నా మనవి: అచ్చుపటములు పంచకుడు. వచ్చినవారు తమ ఉద్యోగమున నిత్యము తడవుకొను విషయమునొకదానిని ఎన్నుకొననిండు. అరగంట చదివించి, పుస్తకములు మూయించి, ఇద్దరిద్దరిని నేలపై గీయనిండు. గీతమీద మాట లేనిచో ఆ గీతను ఒప్పుకొనకుడు. పిమ్మట పుస్తకము తెరచి తప్పులు దిద్దుకొననిండు. వారము దినములకు మరల పిలిచి, ఏమియు చూడక తిరిగి గీయుమనుడు. ఒక్కదినపు శిబిరముతో ముగించుట ఏర్పాటు చేసినవారికి సుకరమే గాని, ఈ రెండవమారు లేక మొదటి దినపు శ్రమ నిలువదు.

ప్రతి విషయమునకు పటము తగదనియు వారికి చెప్పవలయును. చేతులు కడుగుకొనుట, లీటరు త్రాగునీరు కొలుచుట, ఓఆర్ఎస్ పొట్లమును మొత్తముగా అందు కలుపుట, ఇట్టివానికి వరుసయే ప్రాణము. ఒకటి రెండు మూడు అని వ్రాసినదే మేలు. సంఘపు జమాఖర్చులును అంతే. ఖాతా పుస్తకమును చెట్టుకొమ్మలుగా గీచిన ఆడిటరు ఒప్పునా?

ఇక సామగ్రి. రంగుల కలములకు బదులు ఒక సుద్దపెట్టె చాలును. నేల అనుకూలింపనిచోట మా ఊరివారికి మరియొక సదుపాయము కలదు. ఇచటి నల్ల గ్రానైటు దేశదేశములకు పోవును. కోతలో విరిగిన తునకలు మాత్రము కర్మాగారముల వెనుక కుప్పలుగా పడియుండును. అడిగి రెండు తెచ్చుకొనుడు. మెరుగుపెట్టిన వైపున సుద్ద జారును, పెట్టని వైపున చక్కగా పట్టును. తడిగుడ్డతో తుడిచినచో మరుక్షణమే క్రొత్త పలక.