కడలి భద్రతలో గంగపుత్రుడేడీ?

దేశదేశాల నావికులు విశాఖ ఆర్‌కే బీచ్‌లో కవాతు చేస్తుంటే నగరం కదిలివచ్చి చూసింది. 1995లో అండమాన్‌లో నాలుగు విదేశీ నౌకాదళాలతో మొదలైన ‘మిలన్‌’ విన్యాసాలు 2022లో విశాఖకు మారాయి. 2024 నాటికి పాల్గొన్న దేశాలు 50 దాకా పెరిగాయి. సముద్ర భద్రతపై చర్చలకు, శిక్షణకు మన తీరం వేదిక కావడం గర్వపడాల్సిన విషయమే.

అదే తీరం వెంట ఉత్తరానికి వెళ్తే శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం వస్తుంది. భద్రత అంటే ఏమిటో ఆ ఊరివాళ్లకు వేరేగా అర్థమైంది. ఇక్కడ వేట గిట్టుబాటు కాక ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి, అక్కడి యజమానుల బోట్లలో తండేళ్లుగా, కళాసీలుగా కుదిరే బతుకులు వాళ్లవి. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను హద్దు దాటారంటూ పాకిస్థాన్‌ పట్టుకుపోయింది. వారిలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. నడుమ ఏడాదికి పైగా కరాచీ జైలు. ఆ కథతో ‘తండేల్‌’ సినిమా వచ్చింది, జనం చూశారు, కళ్లు తుడుచుకున్నారు. సముద్రం మీద పద్ధతి మాత్రం మారలేదు.

పొరుగు దేశాల మధ్య భద్రతా చర్చలు దండగని మేం అనడం లేదు. అవి పనిచేస్తాయనడానికి రుజువు హైదరాబాద్‌లోనే ఉంది. 2004 సునామీ తర్వాత ప్రగతినగర్‌ దగ్గరి సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం 2007లో ఏర్పడింది. ఇండొనేసియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో పాటు హిందూ మహాసముద్ర దేశాలకు హెచ్చరికలు పంపే బాధ్యత దానిదే. సముద్రశాస్త్రంలో విదేశీయులకు శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ కేంద్రమూ అదే ప్రాంగణంలో నడుస్తోంది. సునామీ వచ్చిందనుకుని అన్ని దేశాలూ కలిసి చేసే కసరత్తులు కొన్నేళ్లకోసారి జరుగుతూనే ఉన్నాయి. సముద్రం అడుగున భూమి కదిలితే ఎవరు ఎవరికి ఎన్ని నిమిషాల్లో చెప్పాలో రాసి పెట్టుకున్న దేశాలే, పది మందితో వెళ్లిన బోటు దారితప్పితే ఎవరు ఎవరికి ఫోన్‌ చేయాలన్నది అంతే పక్కాగా అమలు చేయలేకపోతున్నాయి.

శిక్షణకు ఉన్న బలం మరొకటి. రాజకీయంగా ముఖాలు చాటేసుకున్నా అది ఆగదు. భారత్‌, మాల్దీవుల తీరరక్షక దళాలు 1991 నుంచి ‘దోస్తీ’ విన్యాసాలు చేస్తున్నాయి. 2012 నుంచి శ్రీలంక కూడా చేరింది. మాల్దీవుల్లో ముయిజ్జు ప్రభుత్వం 2023 డిసెంబరులో పొరుగు దేశాల భద్రతా వేదిక అయిన కొలంబో సెక్యూరిటీ కాన్‌క్లేవ్‌ సమావేశానికి మొహం చాటేసింది, మన సైనికులను వెళ్లిపొమ్మంది. ఆ వేడిలోనే, 2024 ఫిబ్రవరిలో, ‘దోస్తీ’ మాల్దీవుల్లోనే జరిగింది. 2025 ఏప్రిల్‌లో కార్వార్‌ నుంచి బయల్దేరిన ఐఎన్‌ఎస్‌ సునయనలో తొమ్మిది మిత్రదేశాల నావికులు 44 మంది మనవాళ్లతో కలిసి విధులు నిర్వర్తించారు. వారిలో మాల్దీవులవాళ్లూ, శ్రీలంకవాళ్లూ ఉన్నారు. మంత్రులు మాట్లాడుకోని రోజుల్లోనూ ఒకే ఓడలో కాపలా కాసిన ఇద్దరు అధికారులు మాట్లాడుకుంటారు. పట్టుబడిన మత్స్యకారుడికి అక్కరకొచ్చేది ఆ పరిచయమే.

అందుకే మా డిమాండ్‌ సూటిగా చెబుతున్నాం. కొలంబో కాన్‌క్లేవ్‌లో భారత్‌, శ్రీలంక, మాల్దీవులు, మారిషస్‌, బంగ్లాదేశ్‌, సీషెల్స్‌ సభ్యులు. దానికి అయిదు ప్రధానాంశాలున్నాయి: సముద్ర భద్రత, ఉగ్రవాదం, అక్రమ రవాణా, సైబర్‌ భద్రత, విపత్తు సాయం. మత్స్యకారుడికి ఆ జాబితాలో విడిగా చోటు లేదు. సముద్ర భద్రత అన్న మాటలోనే అతడూ ఉన్నాడని అధికారులు అంటారేమో. ఉంటే జైళ్లలో ఎందుకుంటున్నాడు? పొరపాటున హద్దు దాటిన చిన్న బోటును ఎలా ఆపాలి, ఏం అడగాలి, నేరం లేదని తేలితే ఎలా వెనక్కి పంపాలి అన్నది ఈ దేశాల గస్తీ సిబ్బందికి ఉమ్మడి శిక్షణలో పాఠంగా చేర్చాలి. వాణిజ్య నౌకల కదలికలపై సమాచారం పంచుకోవడానికి 2018 డిసెంబరులో గురుగ్రామ్‌లో కేంద్రం పెట్టుకున్నాం. భాగస్వామ్య దేశాల అధికారులు అక్కడ కూర్చునే పనిచేస్తున్నారు. కంటెయినర్‌ ఓడ జాడ చెప్పే ఆ బల్ల మీదే వేట బోటు జాడకూ చోటివ్వాలి.

తప్పంతా అవతలివాళ్లదే అనడం న్యాయం కాదు. పాక్‌ జలసంధిలో మనవైపు ట్రాలర్లు అడుగుమట్టం దాకా ఊడ్చేస్తుంటే ఉత్తర శ్రీలంక తమిళ జాలర్ల వలలు చిరుగుతున్నాయి. ఉమ్మడి శిక్షణలో ఈ చేదు పాఠం మనమూ నేర్చుకోవాలి.

పాకిస్థాన్‌ సంగతి వేరు. కాన్‌క్లేవ్‌లో అది లేదు, సార్క్‌ శిఖరాగ్ర సమావేశం 2014లో ఖాట్మండూ తర్వాత జరగనేలేదు. అయినా 2008 మే నాటి కాన్సులర్‌ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. శిక్ష పూర్తయి, జాతీయత ఖరారైన వారిని నెలలో పంపాలని అందులోనే ఉంది. నెల అన్నచోట ఏళ్లు గడుస్తున్నాయి. జైళ్లకెళ్లి ఖైదీలను కలిసే విశ్రాంత న్యాయమూర్తుల ఉమ్మడి కమిటీ 2013 తర్వాత కదల్లేదు. కోడెల కుమ్ములాటలో లేగల కాళ్లు విరుగుతున్నాయి. ఉగ్రవాదం మీద మెత్తబడకుండానే ఆ కమిటీని బతికించవచ్చు. ఖైదీలను చూసి రావడానికి స్నేహం అక్కర్లేదు.

ఉత్తరాంధ్ర ఎంపీలు ఈ విషయాన్ని వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే లేవనెత్తాలి. వెరావల్‌ వెళ్లే మనవాళ్ల వివరాలు నమోదు చేసి, ఆ బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయో లేదో గుజరాత్‌ ప్రభుత్వంతో కలిసి తనిఖీ చేసే పని రాష్ట్ర ప్రభుత్వం వెంటనే చేపట్టాలి. కాన్‌క్లేవ్‌ తదుపరి సమావేశానికి ఆరో అంశంగా మత్స్యకారుల భద్రతను కేంద్రం ప్రతిపాదించాలి.