చెదలు ఎవరి కోసమూ ఆగవు

మన చరిత్రను మనకు కాకుండ చేసిన్రని ఉద్యమ కాలంలో ఊరూరా చెప్పినం. పాఠ్యపుస్తకాలల్ల మన ఊర్లు లేవని, మన కవులు లేరని, మన పోరాటాలకు నాలుగు వాక్యాలే దక్కినయని పేజీలు తిప్పి చూపినం. అది నిజం. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నం. కానీ 2014 జూన్ 2 తర్వాత ఒక ప్రశ్న మన మెడకే చుట్టుకున్నది. మన చరిత్రకు ఆధారమైన కాగితాలు మన బీరువాలల్లనే, మన కండ్ల ముందే పొడిపొడి అవుతుంటే ఆ నేరం ఎవరి మీద మోపుదాం?

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలోని పాత గ్రంథాలయానికి పోయినం. నిజాం జమానాలో ఊరోళ్లు చందాలేసుకొని పెట్టుకున్నది. వెనుక అర్రలో పాత పత్రికల కట్టలు, ఉర్దూలో రాసిన దస్తావేజులు, ఆనాటి సభల కరపత్రాలు ఉన్నయి. అటెండరు ఒక కట్ట విప్పబోతే చేతిలో మట్టి రాలింది. "మొన్నటి వానకాలం దాక ఇది పుస్తకమే సార్" అన్నడు. ఆ మాట మమ్ముల నిద్రపోనివ్వలేదు. చెదలు సమైక్యవాదులు కావు, వేర్పాటువాదులు కావు. వాటికి తేమ, చీకటి, మన నిర్లక్ష్యం ఉంటే సాలు.

ఈ కాగితాలను కాపాడే పని సర్కారుదే. అందులో అనుమానం లేదు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొగలుల దక్కను పాలన నాటి దస్త్రాలున్నయి. 2017లో వారసత్వ సంపద రక్షణకు రాష్ట్రం ఒక చట్టం కూడ తెచ్చుకున్నది. కానీ ఊర్లల్ల, ఇండ్లల్ల, చిన్న గ్రంథాలయాలల్ల పడున్నదాని దాక ఆ చేయి చేరేసరికి ఏమి మిగులుతది? అందుకే ఇంకో తొవ్వ గురించి మాట్లాడుతున్నం. ప్రపంచంలో పాత కట్టడాలకు, పాత కాగితాలకు, చరిత్ర పరిశోధనకు పైసలిచ్చే ప్రైవేటు ఫౌండేషన్లు ఉన్నయి. పక్క రాష్ట్రాలోళ్లు అడిగి తెచ్చుకుంటున్నరు. మనం అడుగుతనే లేము.

చందా మనకు కొత్తది కాదు

"ప్రైవేటోళ్ల పైసలతోని చరిత్ర రాసుకోవాలెనా?" అని కొందరు మిత్రులు మండిపడుతున్నరు. వాళ్ల రోషం మాకు అర్థమైతది. కానీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడుండ్రి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏ సర్కారు గ్రాంటుతో పుట్టింది? లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాలను అచ్చేసింది ఎవరి ఆజ్ఞతోని? తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. సర్కారు చేయని పనిని దాతల సాయంతోని, సొంత కష్టంతోని చేసిన తరమది. అడగడానికి వాళ్లు సిగ్గుపడలేదు. లెక్క చెప్పడానికి వెనుకాడలేదు. పైస ఎవరిదన్నది మొదటి ప్రశ్న కాదు. పని మీద పెత్తనం ఎవరిదన్నది అసలు ప్రశ్న.

కండ్ల ముందటి ఉదాహరణలు కూడ ఉన్నయి. గోలకొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల పనిని 2013లో ఆగాఖాన్ ట్రస్టు రాష్ట్ర సర్కారుతో ఒప్పందం చేసుకొని చేపట్టింది. అదే ఏడు వానలకు కూలిన పెద్ద బావి మళ్ల నిలబడ్డది. 2024 జూలైలో ఆ ప్రాంగణం పూర్తయింది. అక్కడి మెట్లబావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అదే ఏడు అదే పురస్కారాలల్ల కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పేరు కూడ ఉన్నది. అది ఒక కుటుంబం తన సొంత పూనికతో బాగు చేసుకున్న కోట. ఇక కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ సంగతి. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే ప్రైవేటు సంస్థ 2002లోనే దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. బాగుపడి తలుపులు తెరుచుకునేసరికి 2023 వచ్చింది. ఇరవై ఏండ్లు! అడిగిన తెల్లారి పైసలు పడవు. అందుకే ఇయ్యాలనే అడగడం మొదలుపెట్టాలె. అదే సంస్థ 2025 జాబితాలో మూసీ ఒడ్డు చారిత్రక కట్టడాలున్నయి. ఆ పేరు వచ్చిన సంగతి మనలో ఎందరికి ఎరుక?

ఎవరిని అడగాలె?

కాగితాల విషయానికొస్తే, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి అంతరించిపోతున్న దస్త్రాల కోసం ఒక కార్యక్రమం నడిపిస్తున్నది. దానికి పైసలు ఆర్కేడియా అనే ప్రైవేటు దాతృత్వ సంస్థవి. దాని సాయంతో పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ తమిళ పల్లెల ఇండ్లల్ల ఉన్న వ్యవసాయ చరిత్ర పత్రాలకు డిజిటల్ ప్రతులు తీసింది. కలకత్తాలోని సామాజికశాస్త్రాల అధ్యయన కేంద్రం పాత బెంగాలీ పత్రికలను కాపాడుకున్నది. ఇందులో ఒక షరతు మనకు నచ్చాల్సింది. అసలు కాగితం దేశం దాటొద్దు. అది ఎక్కడిదో అక్కడనే ఉండాలె, డిజిటల్ ప్రతి మాత్రమే అక్కడికి పోవాలె.

మన దేశంలోనే బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉన్నది. 1995 నుంచి కళల మీద పరిశోధనకు, పాత సేకరణల మీద పనికి గ్రాంట్లు ఇస్తున్నది. దానికి దరఖాస్తు ఇంగ్లీషులనే రాయాలన్న నిబంధన లేదు. తెలుగులో రాయొచ్చు, ఉర్దూలో రాయొచ్చు. "మాకు ఇంగ్లీషు రాదు కద" అని కూసున్న ఒగ్గుకథ పరిశోధకునికి, చేర్యాల నకాశీ బొమ్మల మీద పనిచేసే పిల్లకు ఇది తెల్వాలె.

కంపెనీలు మరో దిక్కు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలె. ఆ చట్టంలోని ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల బాగు, ప్రజా గ్రంథాలయాలు స్పష్టంగ ఉన్నయి. మన గడ్డ మీద, మన నీళ్లతో, మన కరెంటుతో నడిచే కంపెనీలను ఈ పద్దు కింద అడగడం అడుక్కోవడం ఎట్లయితది?

మేము ఎక్కడ తప్పినం

ఆ గ్రంథాలయం కోసం మేమే ఒక ఫౌండేషన్‌కు దరఖాస్తు రాసినం. రాసింది ఏమిటి? మూడు పేజీల ఆవేదన. అణచివేత, అన్యాయం, వివక్ష. ఒక్క మాట అబద్ధం లేదు. జవాబుగా నాలుగు ప్రశ్నలొచ్చినయి. మొత్తం ఎన్ని కట్టలు, సుమారు ఎన్ని పేజీలు? వీటికి సొంతదారు ఎవరు, వారి రాతపూర్వక అనుమతి ఉన్నదా? ప్రతులు తీసినంక ఎక్కడ ఉంటయి, ఎవరు చూడొచ్చు? ఏ నెలలో ఏ పని, దానికి ఎంత ఖర్చు? ఒక్కదానికి కూడ మా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు వాపసు వచ్చింది. మొదలు కోపమొచ్చింది. తర్వాత సిగ్గయింది. ఉపన్యాసం వేరు, దరఖాస్తు వేరు. సభలో చప్పట్లు కొట్టించే వాక్యం బడ్జెటు కాగితం మీద నిలబడదు.

నాలుగు ఆదివారాలు ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు కూసొని కట్టలు లెక్కబెట్టిన్రు. ఏ పత్రిక, ఏ ఏడు, ఏ సంచిక లేదు, ఏది ముట్టుకుంటే చిరుగుతది, అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించిన్రు. కమిటీ తీర్మానం రాయించినం. ఇప్పుడు మళ్ల పంపుతున్నం. గ్రాంటు వస్తదో రాదో తెల్వదు. కానీ ఆ గ్రంథాలయంలో ఏమున్నదో చెప్పే జాబితా మాత్రం తయారైంది. ఆ పనికి అయిన ఖర్చు చాయలు, నోటుబుక్కు. గ్రాంటు రాకున్నా ఇది మిగులుతది.

జాగ్రత్తలు

కండ్లు మూసుకొని సంతకం పెట్టుమని మేము అంటలేము. విదేశీ పైస తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలె. 2020 సవరణ తర్వాత ఆ పైస ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలనే పడాలె. పరిపాలన ఖర్చు ఇరవై శాతం దాటొద్దు. ఒక సంస్థ తీసుకొని ఇంకో సంస్థకు పంచొద్దు. కంపెనీల నిధి కావాలంటే ఆ పని చేసే సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలె. చిన్న సంఘాలకు ఇవన్నీ మోయలేని బరువు. అందుకే ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న విశ్వవిద్యాలయంతోనో, పరిశోధన సంస్థతోనో కలిసి అడగడం మేలు. వాళ్లతో రాసుకునే ఒప్పందంలో మూడు మాటలు తప్పక ఉండాలె. అసలు కాగితం ఊరు దాటొద్దు. పూర్తి ప్రతి ఒకటి స్థానికంగ ఉండాలె. మన పిల్లలు పైస కట్టకుండ చదువుకోవాలె. ఈ మూడింట్ల ఒక్కదానికి ఒప్పుకోకున్నా ఆ గ్రాంటుకు దండం పెట్టి వాపసు రావాలె.

ఇంకొకటి. గ్రాంటు వచ్చిందని సర్కారు చేతులు దులుపుకోవద్దు. స్కానరు ఫౌండేషన్ ఇవ్వొచ్చు. మూడేండ్లకు గ్రాంటు అయిపోయినంక కరెంటు బిల్లు, లైబ్రేరియన్ జీతం ఎవరివ్వాలె? ఖాళీ పోస్టులు నింపుమని ఒక చేత్తో కొట్లాడుతనే, రెండో చేత్తో దరఖాస్తు రాయాలె.

ఎవరి పని ఏమిటి

ఉద్యోగ మిత్రులారా, మీలో రెవెన్యూ శాఖలో చేసి దిగిపోయినోళ్లున్నరు. ఉర్దూలో ఉన్న సేత్వార్‌లు, ఇనాం దస్త్రాలు గడగడ చదివే ఆఖరి తరం మీరే. కాగితానికి ఫొటో తీసుకోవచ్చు. దాన్ని చదివే మనిషి పోతే ఫొటో ఏమి చేసుకుంటం? వారంలో ఒక్క పూట ఒక విద్యార్థిని పక్కన కూసోబెట్టుకొని చదివించుండ్రి. ఖాతాల పని తెలిసినోళ్లు బడ్జెటు రాసియ్యుండ్రి.

విద్యార్థులారా, ఉస్మానియాలో, కాకతీయలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నరు కద. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ గ్రంథాలయంలో, మీ తాత పెట్టెలో ఏమున్నదో ఒక జాబితా రాయుండ్రి. జాబితానే మొదటి దరఖాస్తు. మిగిలినదంతా దాని మీద కట్టుకునే గోడ.

రాష్ట్రం కోసం ఏండ్ల తరబడి కొట్లాడినం. ఒక కట్ట కాగితం కోసం నాలుగు ఆదివారాలు ఇయ్యలేమా? రేపు మన మనుమడు "మన చరిత్ర ఎక్కడున్నది" అని అడిగితే ఢిల్లీ దిక్కో, ఇంకో దిక్కో వేలు చూపే రోజులు పోయినయి. ఈసారి చూపాల్సింది వేలు కాదు, జాబితా.