వేయించిన విత్తనం



మొన్న సాయంత్రం ఆత్మకూరులో మా ఇంటి అరుగుమీద కూర్చుని ఉండగా, ఏడవ తరగతి పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, మా తాతకు మెదడులో గడ్డ అయిందట. పట్నం దవాఖానలో విషంలాంటి మందు ఎక్కిస్తరట. నాయనమ్మ వద్దని ఏడుస్తున్నది. ఎట్ల?" అన్నాడు.

వాడు తెచ్చిన కాగితం చదివాను. జబ్బు పేరు మెదడు లింఫోమా. ఇది చాలా అరుదు. లక్షమందిలో ఏడాదికి ఒక్కరికైనా రాదు. వస్తే మాత్రం వారాలలోనే పెరుగుతుంది. రోగాలతో పోరాడవలసిన తెల్లకణాలలో ఒక రకం దారి తప్పి, మెదడులో అదుపు లేకుండా పెరగడమే ఈ జబ్బు. ఆ కణాలు మెదడులో సన్నగా పాకిపోతాయి గనుక, కత్తితో కోసి పారవేయడం కుదరదు. వైద్యులు సూదితో చిన్న ముక్క తీసి, జబ్బును గుర్తుపట్టి, మందులతో చికిత్స చేస్తారు.

ఆ మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని వెనుక ఒక తెలుగువాడున్నాడు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మూడవసారికి గాని మెట్రిక్ పరీక్ష ప్యాసుకాని ఆయన, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లే పరిశోధనశాలలో పెద్ద శాస్త్రజ్ఞుడయ్యాడు.

ఆకుకూరలలో ఫోలిక్ ఆమ్లమనే విటమిను ఉంటుంది. అది లేనిదే ఒక కణం రెండు కాలేదు. సుబ్బారావు బృందం అచ్చం దానివలెనే కనిపించే మందులను తయారుచేసింది. వేయించిన వేరుశనగ విత్తు చూడడానికి విత్తే. కాని నాటితే మొలవదు గదా! ఇదీ అంతే. కణం మోసపోయి దాన్ని తీసుకుంటుంది, ఇక పెరగలేదు. 1948లో బోస్టన్ నగరపు డాక్టర్ సిడ్నీ ఫార్బర్, రక్తపు కాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇలాంటి మందు ఇస్తే, 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు మరణించాడు. ఆ మందుకు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

అయితే మెదడు దగ్గర ఒక చిక్కు ఉన్నది. మన ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. కోట వాకిట కావలివాడు కొత్తవారిని లోనికి రానివ్వడు. మెదడులోని రక్తనాళాల గోడలు కూడా అలాగే చాలా మందులను ఆపివేస్తాయి. కనుక ఈ మందును చాలా ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. అప్పుడు కొంతైనా లోపలికి చేరుతుంది.

మరి ఒంటిలోని మంచి కణాల గతి? సుమారు ఒక రోజు గడిచాక ఫోలినిక్ ఆమ్లమనే విరుగుడు మొదలుపెడతారు. ఇది అసలు విత్తనం వంటిది. మంచి కణాలు దీనితో తేరుకుంటాయి. మూత్రపిండాలు చెడకుండా సెలైను ఎక్కిస్తూ, రక్తంలో మందు ఎంత మిగిలిందో పరీక్షిస్తూ ఉంటారు.

"చికిత్స సంగతి డాక్టర్లే నిర్ణయించాలి, బిడ్డా. అందరికీ నయమవుతుందని చెప్పలేను. కొందరికి జబ్బు తిరగబెడుతుంది. కాని ఇది గుడ్డిగా పోసే విషం కాదు. విరుగుడు చేత పట్టుకుని ఇచ్చే మందు. నాయనమ్మకు ఈ విత్తనాల కథ చెప్పు" అన్నాను. మరునాడు తాతను తీసుకుని వాళ్ళు పట్నం బస్సెక్కారు.

తలిదండ్రులకు ఒక మాట: ఇంట్లో ఎవరికైనా కొత్తగా మతిమరుపు, తడబాటు, ఒక పక్క బలహీనత, మూర్ఛ కనిపిస్తే, గాలి సోకిందనీ, వయసు మీరిందనీ రోజులు గడపకండి. వెంటనే దవాఖానకు తీసుకుపొండి.

పిల్లలకు ప్రశ్న: ఈ మందు వాడినవారికి నోరు పూయడం ఎందుకు? మన ఒంటిలో వేగంగా పెరిగే కణాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది.