‘అట’ ఎక్కడ పోయింది?

మన బడుల్లో, మీటింగుల్లో, ఆఫీసుల్లో ఒక రకం ఇంగ్లీషు మాటలు బాగా తిరుగుతున్నాయి. ‘కామన్ సెన్స్’, ‘ఎవ్రీబడీ నోస్’, ‘జనరల్లీ’, ‘ఇట్ ఈజ్ బిలీవ్డ్’, ‘కన్వెన్షనల్ విజ్డమ్’. చూడటానికి చిన్న మాటలే. పలికేవాళ్లకు చదువుకున్న దర్జా. కాని ఇవన్నీ చేసే పని ఒక్కటే. ఎవరో కొందరు నమ్మే సంగతిని అందరూ నమ్మే సంగతిగా నిలబెట్టడం, ఆ కొందరి పేరు మాత్రం బయటికి రానివ్వకపోవడం. ఆ ‘అందరి’లో మనం ఎన్నడూ లేము.

తెలుగులో ‘అట’ అని ఒక ముక్క ఉంది. వాన వస్తుందట. ధర పెరిగిందట. ఈ సంగతి నేను చూసింది కాదు, విన్నది అని చెప్పే నిజాయితీ ఆ ఒక్క ముక్కలో ఉంది. ‘అట’ అనగానే వినేవాడు ‘ఎవరన్నారు?’ అని అడుగుతాడు. మా కోయ గూడెంలో పెద్దాయన పాత సంగతి చెబితే మా తాత చెప్పాడు, ఫలానా ఊరి వడ్డె చెప్పాడు అని మనిషి పేరుతోనే మొదలుపెడతాడు. మాటకు ఒక మనిషి పూచీ ఉంటాడు. ఇంగ్లీషు మాట దించగానే ఆ పూచీదారుడు మాయమైపోతున్నాడు.

ఒక శిక్షణ తరగతికి వచ్చిన పెద్దమనిషి ‘జనరల్లీ ట్రైబల్ చిల్డ్రన్ ఆర్ వీక్ ఇన్ మాథ్స్’ అన్నాడు. కూర్చున్న టీచర్లంతా నోట్సు రాసుకున్నారు. అందులో సగం మంది మనవాళ్లే. అదే మాటను తెలుగులో పెట్టి చూడండి. ‘ఆదివాసీ పిల్లలకు లెక్కలు రావట.’ వెంటనే నోటికి ప్రశ్నలు వస్తాయి. ఎవరన్నారు? ఏ బడిలో చూశారు? పరీక్ష ఏ భాషలో పెట్టారు? ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు తెలుగులో పాఠం చెప్పి, ఇప్పుడు ఇంగ్లీషులో లెక్క ఇచ్చి, లెక్క రాలేదంటున్నాం. సంతలో చింతపండు తూకం దగ్గర నిలబడ్డ అదే పిల్ల, షావుకారు నాలుగు రూపాయలు తక్కువ లెక్కగడితే పట్టేస్తుంది. రానిది లెక్కా, భాషా? 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తెచ్చింది ఈ ప్రశ్న అడిగినవాళ్లే. ‘జనరల్లీ’ అన్న మాట ఆ ప్రశ్నను పుట్టనివ్వదు.

ఇలాంటి మాట చట్టం కూడా అవుతుంది. కొన్ని జాతులు పుట్టుకతోనే దొంగలు అన్నది ఒకప్పుడు తెల్లదొరలకు ‘ఎవ్రీబడీ నోస్’. ఆ నమ్మకం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టమైంది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల సోదరులను సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1952లో ఆ చట్టం పోయింది. నమ్మకం పోయిందా? ఆ ఊరి పేరు చెప్పుకుని ఉద్యోగానికి వెళ్లిన కుర్రాళ్లను అడగండి.

ఇప్పుడు తిండి సంగతి. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాలి. సామలు, కొర్రలు, చోళ్లు మన పోడులో కందులతో, జొన్నలతో కలిసి పండేవి. వాటికి ప్రభుత్వ కాగితాల్లో పేరు ‘కోర్స్ సీరియల్స్’, అంటే ముతక ధాన్యాలు. పేదోళ్ల తిండి, నాగరికులు తినేది తెల్లబియ్యం అన్నది అందరికీ తెలిసిన సంగతిగా చలామణి అయింది. హాస్టల్లో తెల్లన్నం తిని పెరిగిన మన పిల్లలు సెలవులకు ఇంటికొచ్చి అంబలి చూసి ముఖం తిప్పుకున్నారు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం వాటి పేరు మార్చి ‘న్యూట్రి సీరియల్స్’ అంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఇప్పుడు పట్నంలో అవే సామలు రంగు ప్యాకెట్లో, మనం సంతలో అమ్మిన ధరకు ఎన్నో రెట్లు. గింజ మారలేదు, దాని పక్కన పెట్టిన ఇంగ్లీషు మాట మారింది. ముతక అన్నప్పుడు ఎవరి నాలుకకు ముతక అని ఒక్క టీచరు అడిగి ఉంటే, రెండు తరాల పిల్లలు తమ అమ్మ వండింది చూసి సిగ్గుపడేవాళ్లు కాదు కదా అని నాకు కోపం వస్తుంది.

కొత్తల పండుగనే తీసుకోండి. కొత్త పండుగ చేయకుండా మామిడి తెంపం, చిక్కుడు వండం. దీన్ని ‘టాబూ’ అని, ‘సూపర్‌స్టిషన్’ అని రాస్తారు. టెంక గట్టిపడని కాయ తెంపితే మొలిచే విత్తనం ఉండదు. పండుగ దాకా ఆగితే కాయ ముదురుతుంది, గూడెంలో ఏ ఒక్క ఇల్లూ ముందుగా చెట్టు దులిపేయదు. మన తూర్పు తీరంలో ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకు పోకూడదు, చేప గుడ్లు పెట్టే కాలమని. దాని పేరు ‘కన్జర్వేషన్’. రెండూ ఆగడమే. గెజిట్‌లో అచ్చయిన ఆగడం సైన్సు, పెద్దల నోట ఉన్న ఆగడం మూఢనమ్మకం! పోడుకూ ఇంతే. ‘స్లాష్ అండ్ బర్న్’ అన్న పేరులో నరకడం, కాల్చడం మాత్రమే ఉన్నాయి. కొన్నేళ్లు దున్ని, తర్వాత నేలను బీడు వదిలి అడవిని మళ్లీ పెరగనిచ్చే సగం ఆ పేరులో లేదు. పేరు పెట్టినవాళ్లకు అది కనపడలేదు, లేదా అక్కర్లేదు.

‘కన్వెన్షనల్ విజ్డమ్’ అన్న మాటకు ఒక తమాషా కథ ఉంది. దాన్ని జనంలోకి తెచ్చింది గాల్‌బ్రెయిత్ అనే ఆర్థికవేత్త, 1958లో వచ్చిన ‘ది అఫ్లుయెంట్ సొసైటీ’ పుస్తకంలో. తర్వాత 1961 నుంచి 1963 దాకా మన దేశంలో అమెరికా రాయబారిగా ఉన్నాడు. ఆయన దాన్ని ఎగతాళిగా వాడాడు. నిజమైనందుకు కాదు, వినడానికి హాయిగా ఉన్నందుకే నిలబడే అభిప్రాయాలకు ఆయన పెట్టిన పేరది. ఇవాళ మన మీటింగుల్లో అదే మాటను పెద్దల వివేకం అన్నంత గౌరవంగా వాడుతున్నారు. దిగుమతి చేసుకున్న మాటను కూడా సరిగా దిగుమతి చేసుకోలేదు.

‘మరి మనవాళ్ల నమ్మకాలన్నీ మంచివేనా?’ అని అడిగే తమ్ముళ్లున్నారు. కాదు. చేతబడి చేసిందని ముసలమ్మను కొట్టి చంపడం నేరం. జ్వరంతో వణికే బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోకుండా వెజ్జు దగ్గరే వారం కూర్చోబెట్టడం తప్పు. దీన్ని కప్పిపుచ్చే సంస్కృతి గర్వం నాకు వద్దు. కాని అక్కడ కూడా ‘ట్రైబల్ సూపర్‌స్టిషన్’ అన్న మాట దేనికీ పనికిరాదు. ఎవరు అనుమానం పుట్టించారు, ఆ ముసలమ్మ భూమి మీద ఎవరి కన్ను ఉంది, గూడేనికి అంబులెన్సు వచ్చే దారి ఉందా అని అడిగితే కారణం దొరుకుతుంది. ఆ రెండు మాటలు అంటే కేసు మూసేసినట్టే. జాతి మొత్తం దోషి, మనిషి ఎవడూ కాదు.

ఇంగ్లీషు మీద పగతో రాస్తున్నానని అనుకోవద్దు. మన పిల్లలు ఇంగ్లీషు నేర్వాలి, బాగా నేర్వాలి. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో అడవిబిడ్డలకు ‘హిస్టారికల్ ఇన్‌జస్టిస్’ జరిగిందని ఉంది. చారిత్రక అన్యాయం. అన్యాయం ఎవరికి, ఎప్పుడు, ఏ భూముల విషయంలో జరిగిందో ఆ వాక్యంలోనే రాశారు. పట్టా దరఖాస్తు తిరగ్గొట్టినప్పుడు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోనే చదివి వినిపించే కుర్రాడు ప్రతి గూడెంలో కావాలి. పేచీ భాషతో కాదు, మనిషిని దాచే మాటతో.

టీచర్లకు ఒక పని చెబుతాను, ఖర్చు లేనిది. మా ఐదో తరగతి పిల్లలు పాఠంలో ‘నమ్ముతారు’, ‘భావిస్తారు’, ‘అందరికీ తెలిసిందే’ అని ఎక్కడ కనబడినా పక్కన పెన్సిలుతో ‘ఎవరు?’ అని రాస్తారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి పుస్తకాలు పాడుచేస్తున్నారని కోప్పడ్డారు. ఆయనకు పుస్తకం ఇచ్చి, పిల్లలు రాసిన వాటిలో ఏ ఒక్కదానికైనా జవాబు తెలిస్తే వాళ్లకే చెప్పండి సార్ అన్నాను. చాలాసేపు పేజీలు తిప్పి, నన్ను హాజరు పట్టీ తెమ్మన్నారు.