పది మందితో పదకొండు మంది ఆట ఆడమంటే ఎట్లా?



ప్యారిస్ ఒలింపిక్స్ హాకీ ముచ్చట మన క్యాంపులో ఇంకా ఒడుస్తలేదు. "బ్రిటన్ మీద మనోళ్లు భయపడి వెనక్కి కూసున్నరు, బాల్ ఊరికే దూరం కొట్టిన్రు, షూటౌట్‌లో లక్కు కలిసొచ్చింది" అని కొందరు తమ్ముళ్ల వాదన. ఈ మాట మేము ఒప్పుకోము.

2024 ఆగస్టు 4న ఏం జరిగింది? 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు. మ్యాచ్ 60 నిమిషాలు. అంటే 40 నిమిషాలకు పైగా పది మందే. పోయినోడు డిఫెండర్. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మన్‌ప్రీత్ సింగ్ ఆ జాగాకు దిగాల్సి వచ్చింది.

నిండా మనుషులున్నప్పుడు వెనక నుంచి బాల్ బయటికి తెచ్చే పద్ధతి వేరు. డిఫెండర్లు ఒకరికొకరు ఇచ్చుకుంటరు, ఎదుటోళ్లను ఒక దిక్కు గుంజుతరు, ఖాళీ అయిన దిక్కున మిడ్‌ఫీల్డర్ అందుకుంటడు. మనిషి తక్కువైనప్పుడు కూడా అదే ఆడితే మన డీ ముందటే బాల్ పోతది, గోల్ పడతది. అందుకే దూరం కొట్టాలె, ఫార్వర్డ్‌లు కూడా దిగి అడ్డం నిలబడాలె. ఇది భయం కాదు, లెక్క. గోల్‌లో శ్రీజేష్ ఉన్నడు కాబట్టి ఆ లెక్క నడిచింది. పది మందితోనే 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ గోల్ కూడా కొట్టిండు. 1-1 తర్వాత షూటౌట్ 4-2.

"మరి జర్మనీ మీద ఎందుకు ఓడిన్రు?" అంటరు. రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం. 16 మంది జట్టులో 15 మందే మిగిలిన్రు. పెనాల్టీ కార్నర్‌కు అందరికంటే ముందు ఉరికేటోడు ఆయనే. ఆయన లేకుండా 2-3తో పోయింది. ఓటమికి అదొక్కటే కారణం అనము, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకుండా తిట్టుడు న్యాయమా?

మాకెందుకింత కోపం అంటే, మా సైట్‌లో ఇదే నడిచింది. స్లాబ్ షట్టరింగ్‌కు 12 మంది కార్పెంటర్లని ప్లాన్, ఇచ్చింది 8 మందిని. కాంక్రీటు తారీఖు మాత్రం మారలేదు. సపోర్టులు పూర్తిగా నిలబడే దాకా పోయమని చెప్పి రెండు రోజులు ఆపినం. కింద మన పిల్లలే పని చేస్తరు కదా. ఆఫీసోళ్లు మమ్మల్ని పిరికోళ్లు అన్నరు. నలుగురు ఎందుకు తక్కువని ఒక్కడూ అడగలేదు.

తమ్ముళ్లూ, ఆ ఆఫీసోళ్ల మాటే మనం ఆటగాళ్లను అంటే ఎట్లా? ముందు ఎంతమంది ఉన్నరు, ఎవరు లేరు చూడుర్రి. మాది తప్పైతే కామెంట్లలో చెప్పుర్రి, కానీ మ్యాచ్ మొత్తం చూసి చెప్పుర్రి.